టెక్ సందేహాలు: పోయిన వారం బాగా కొట్టిన రైఫిల్ ఈ వారం ఎందుకు మొరాయిస్తోంది?

సందేహం: సార్, టార్గెట్ షూటింగ్ కోసం .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ వాడుతున్నాను. ఒక్కోసారి 100 మీటర్ల దగ్గర మూడు తూటాలూ 2 సెంటీమీటర్లలోపే పడతాయి. మరుసటి వారం అదే రైఫిల్, అవే తూటాలు, గ్రూప్ (తూటాలు పడిన చోట్ల మధ్య గరిష్ఠ దూరం) మాత్రం 6 సెంటీమీటర్లు దాటుతుంది. ఎన్నిసార్లు జీరో (గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్దుబాటు) సరిచేసినా నిలవడం లేదు. స్కోప్ మార్చేయమని ఒకరు, బ్యారెల్ అరిగిపోయిందని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు స్కోప్ టరెట్ (గురి సరిచేసే నాబ్) మీద నుంచి చెయ్యి తీసేయండి. గ్రూప్ చెదురుతున్నప్పుడు జీరో తిప్పితే అసలు లోపం ఏదో, మీరు కలిపింది ఏదో తేలకుండా పోతుంది.

తరువాత, అసలు సమస్య ఉందో లేదో చూడాలి. మూడు తూటాల గ్రూప్‌ని నేను పెద్దగా నమ్మను. రైఫిల్‌లో ఏ మార్పూ లేకపోయినా ఒక మూడు చాలా దగ్గరగా, ఇంకో మూడు దూరదూరంగా పడటం మామూలే. పైగా తూటాల సంఖ్య పెరిగేకొద్దీ గ్రూప్ సైజు కూడా పెరుగుతుంది. ఒకే రైఫిల్‌తో పది తూటాల గ్రూప్, మూడు తూటాల గ్రూప్ కంటే సగటున ఒకటిన్నర రెట్ల పైచిలుకు ఉంటుంది. కాబట్టి మీ ‘2 సెంటీమీటర్ల రైఫిల్’ నిజానికి 3 సెంటీమీటర్ల రైఫిల్ అయ్యుండొచ్చు. 6 దాటడాన్ని మాత్రం అదృష్టం మీదకు నెట్టలేం. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో, బ్యారెల్‌ని చల్లారనిస్తూ, ఐదేసి తూటాలతో కొన్ని గ్రూపులు కొట్టండి. ఆ కాగితాలు పారేయొద్దు. ఎన్నో తూటా ఎక్కడ పడిందో రాసిపెట్టుకోండి.

జవాబులో సగం ఆ కాగితాల మీదే ఉంటుంది. తూటాలు రెండు విడివిడి గుంపులుగా పడుతుంటే ఏదో ఒక భాగం రెండు చోట్ల మధ్య కదులుతోందని అనుమానించాలి. అది స్కోప్ మౌంట్ కావచ్చు, స్టాక్‌లో (రైఫిల్ పిడి, చట్రం) యాక్షన్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) కూర్చునే చోటు కావచ్చు, స్కోప్ లోపలి రెటికిల్ (గురి గీతలు) కావచ్చు. మొదటి రెండు మూడు బాగా పడి, ఆ తరువాతవి ప్రతిసారీ ఒకే దిక్కుకు జరుగుతుంటే వేడెక్కిన బ్యారెల్ స్టాక్‌కి తగులుతోందేమో చూడాలి. సన్నటి వేట బ్యారెల్స్‌లో ఇది ఎక్కువ. నిలువుగా సాగితే రైఫిల్‌ని బ్యాగ్ మీద ఒక్కోసారి ఒక్కోచోట ఆనిస్తున్నారేమో గమనించండి. అడ్డంగా సాగితే మొదటి అనుమానం గాలి మీద, రెండోది మీ ట్రిగ్గర్ వేలి మీద. ఏ వరసా లేకుండా అన్ని వైపులా చెదిరితే తూటా రకం, బ్యారెల్ శుభ్రత, క్రౌన్ (బ్యారెల్ కొన అంచు) చూడాలి.

ఇక స్క్రూల సంగతి. మ్యాగజైన్ తీసి, బోల్ట్ బయటికి లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూశాకే రైఫిల్‌పై పని మొదలుపెట్టండి. స్టాక్‌ని యాక్షన్‌కి బిగించే యాక్షన్ స్క్రూలు, స్కోప్ బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు మూడింటినీ టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) చూడాలి. చేతి అంచనా పనికిరాదు. అల్యూమినియం ఛాసిస్‌లో (స్టాక్ బదులు వాడే లోహపు చట్రం) యాక్షన్ స్క్రూలకు తరచూ 65 ఇంచ్-పౌండ్లు, అంటే సుమారు 7.3 న్యూటన్-మీటర్లు చెబుతారు. ఉత్త చెక్క స్టాక్‌కి అంత పెడితే చెక్క నలుగుతుంది, కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకే ఖాయం. రింగ్ స్క్రూలకు సాధారణంగా 15 నుంచి 25 ఇంచ్-పౌండ్లు చాలు. గట్టిగా ఉంటే మంచిదే కదా అని ఎక్కువ బిగిస్తే స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుంది. ‘స్కోప్ పాడైంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ రెంచే అని నా అభిప్రాయం.

యాక్షన్ స్టాక్‌లో సరిగా కూర్చుందా అని తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రైఫిల్‌ని నిలబెట్టి, బ్యారెల్, స్టాక్ ముందు కొన కలిసేచోట వేలు ఆనించి, ముందు యాక్షన్ స్క్రూని మెల్లగా వదులు చేసి మళ్లీ బిగించండి. వేలికి స్పష్టంగా కదలిక తగిలితే యాక్షన్ వంపుతో బిగుసుకుంటోందని అర్థం. అప్పుడు బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో సరిగ్గా ఒదిగేలా చేసే పని) చేయించాలి, అది గన్‌స్మిత్ పని. అలాగే బ్యారెల్ కింద ఒక కాగితం ముక్క దూర్చి యాక్షన్ దాకా జరపండి, ఎక్కడైనా అడ్డుపడితే బ్యారెల్ అక్కడ స్టాక్‌కి తగులుతున్నట్టే. ఈ పరీక్షని రైఫిల్ బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండ్) మీద, బరువు మోపి ఉన్నప్పుడు కూడా చేయాలి. చేతిలో ఉన్నప్పుడు తగలని మెత్తటి ప్లాస్టిక్ స్టాక్, బైపాడ్ మీద వంగి తగలొచ్చు. ఒక హెచ్చరిక: కొన్ని రైఫిళ్లలో కంపెనీయే కావాలని స్టాక్ కొన దగ్గర బ్యారెల్‌కి ఆనిక పెడుతుంది. తెలుసుకోకుండా దాన్ని గీకి పారేయకండి.

స్క్రూలు సరిగా ఉంటే పారలాక్స్ (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనిపించడం) చూడండి. రైఫిల్‌ని కదలకుండా ఆనించి, స్కోప్‌లోంచి చూస్తూ తల కొద్దిగా పైకీ కిందకీ ఊపండి. రెటికిల్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తే, మీ చెంప ఆనే చోటు మారినప్పుడల్లా గురి కూడా మారుతోంది. పక్కన నాబ్ ఉంటే దానిలోని దూరం అంకెను గుడ్డిగా నమ్మకుండా, రెటికిల్ కదలడం ఆగేదాకా తిప్పండి. నాబ్ లేని వేట స్కోపులు చాలావరకు 100 గజాలకు సరిచేసి వస్తాయి, కాబట్టి 100 మీటర్ల దగ్గర వాటితో పెద్ద ఇబ్బంది ఉండదు.

శుభ్రం చేయడం మీద అతి శ్రద్ధ కూడా ఒక జబ్బే. బాగా తుడిచి నూనె రాసిన బ్యారెల్‌లోంచి మొదటి తూటా వేరే చోట పడటం సహజం. షూట్ చేసే ముందు పొడి గుడ్డతో నూనె తీసేయండి, మొదటి కొన్ని తూటాలను గ్రూప్‌లో లెక్కించకండి. రాగి పట్టిందేమో చూడటానికి రాగిని కరిగించే సాల్వెంట్ వాడితే గుడ్డ నీలంగా వస్తుంది. కానీ మీ క్లీనింగ్ రాడ్ కొన ఇత్తడిది అయితే దానివల్ల కూడా గుడ్డ నీలమవుతుంది! ఆ రంగు చూసి రోజంతా తోముతూ కూర్చునేవాళ్లున్నారు. రాడ్ ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచి, బోర్ గైడ్‌తో (రాడ్‌ని నిటారుగా నడిపే గొట్టం) దూర్చండి. ముందువైపు నుంచి తోస్తే బ్యారెల్ కొనలోని క్రౌన్ అంచు అరుగుతుంది. తూటా బ్యారెల్‌ని వదిలే చివరి చోటు అదే కాబట్టి అక్కడ చిన్న గీత పడినా గ్రూప్ చెదురుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తేడా ఉంటే, బాగా పనిచేస్తోందని రుజువైన మరో స్కోప్ తెచ్చి బిగించి చూడండి. అనుభవం ఉన్న మరొకరిచేత మీ రైఫిల్ కొట్టించండి. ఈ రెండోది ఖర్చు లేని పరీక్ష, కానీ అహం అడ్డొచ్చి ఎవరూ చేయరు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికినట్టే, ఒకసారికి ఒక్కటే మార్చండి. స్కోప్, తూటాలు, స్టాక్ ఒకే రోజు మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. బ్యారెల్ మార్పు ఆఖరి మాట. బోల్ట్ ఎత్తడం బరువుగా ఉన్నా, ఏదైనా తూటా శబ్దం మామూలు కంటే నీరసంగా వచ్చినా అక్కడితో ఆపేసి గన్‌స్మిత్‌కి చూపించండి. ఆ స్థితిలో ఇంకో తూటా కొట్టడం ప్రమాదం.

సందేహం: ఫోన్‌లోని బాలిస్టిక్ యాప్ (తూటా ఎంత కిందకు పడుతుందో లెక్కేసేది) చెప్పినట్టే 300 మీటర్లకు స్కోప్ టరెట్ క్లిక్‌లు తిప్పాను. తూటాలు 10 సెంటీమీటర్లు కిందకు పడుతున్నాయి. యాప్ తప్పా, నా రైఫిల్ తప్పా?

జవాబు: చాలావరకు యాప్‌కి మీరిచ్చిన అంకెల తప్పు. డబ్బా మీద వేసే వేగాన్ని పొడవాటి పరీక్ష బ్యారెల్‌తో కొలిచి ఉండొచ్చు. మీ బ్యారెల్ పొట్టిదైతే అసలు వేగం తగ్గుతుంది. .308లో వేగం సెకనుకు 20 మీటర్లు తగ్గితే 300 దగ్గర సుమారు 3 సెంటీమీటర్లు కిందకు పోతుంది. 100 మీటర్ల జీరోలో 1 సెంటీమీటర్ తప్పు 300 దగ్గర 3 అవుతుంది. బ్యారెల్ మీద స్కోప్ ఎత్తు 1 సెంటీమీటర్ తప్పుగా ఇస్తే తేడా 2 సెంటీమీటర్లు. ఇవన్నీ ఒకే వైపు కలిస్తే మీ 10లో 8 అక్కడే వస్తాయి. బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (తూటా గాలిని ఎంత తేలిగ్గా చీలుస్తుందో చెప్పే అంకె, దీన్ని జీ1, జీ7 అనే రెండు పద్ధతుల్లో ఇస్తారు) కూడా చూడండి. జీ1 అంకెను జీ7 ఎంపిక కింద కొడితే, యాప్ మీ తూటా గాలిని చాలా తేలిగ్గా చీల్చుకుపోతుందని అనుకుని తక్కువ క్లిక్‌లు చెబుతుంది. ఒకే తూటాకి జీ7 అంకె జీ1లో దాదాపు సగం ఉంటుంది.

గాలి పీడనం గురించి మీరు కంగారు పడనక్కర్లేదు. ఎత్తైన చోట ఉండి సముద్రమట్టానికి సవరించిన పీడనం ఇస్తే తూటాలు పైకి పోవాలి, కిందకు కాదు.

సందేహం: బ్యారెల్‌కి తగిలించే క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) కొన్నాను. అది పెట్టగానే జీరో మారిపోతోంది. వెనక్కి ఇచ్చేయనా?

జవాబు: వద్దు. బ్యారెల్ కొనకు బరువు వేలాడితే దాని కంపనం మారుతుంది, తూటా పడే చోటూ మారుతుంది. వేగం కొలిచే రోజు గ్రూప్‌ని పట్టించుకోకండి, గ్రూప్ కొలిచే రోజు దాన్ని తీసి పెట్టెలో పెట్టండి. రెండూ ఒకేసారి కావాలంటే బ్యారెల్‌ని తాకని రాడార్ రకం తీసుకోవాలి.