బ్లడ్ శాంపిల్ తీసేవాళ్ల జీతాల్లో ఇంత తేడా ఎందుకు?

మీ తమ్ముడు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తి చేశాడనీ, హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ వాళ్లు 13 వేలంటే ఇంకొకళ్లు 24 వేలన్నారనీ, పని ఒకటే కదా ఈ తేడా ఏమిటనీ అడిగారు. పని ఒకటి కాదండీ, సూది గుచ్చడం వరకే ఒకటి.

నేను మొదట ఫ్రాంచైజీ కలెక్షన్ సెంటర్లో, తర్వాత ఆసుపత్రి వార్డుల్లో, ఆపైన ఇళ్లకు వెళ్లి శాంపిల్ తెచ్చే హోమ్ కలెక్షన్లో చేశాను. సెంటర్లో జీతం అన్నిటికంటే తక్కువ. బ్లడ్ తీయడంతోపాటు బిల్లు కొట్టడం, రిపోర్టులు ఇవ్వడం, ఫోన్లెత్తడం కూడా మనమే. ఆసుపత్రిలో కాస్త నయం, నైట్ డ్యూటీకి విడిగా ఇచ్చేవారు. పసిపిల్లలకు ఒక్క గుచ్చుతో నరం పట్టేవాణ్ని అన్ని వార్డుల వాళ్లూ పిలుస్తారు గానీ, అందుకని జీతం పెంచినవాళ్లను నేను చూడలేదు.

ఆ 24 వేలు బహుశా హోమ్ కలెక్షన్‌ది. అందులో ఫిక్స్‌డ్ ఎంత, విజిట్ల మీద వచ్చే ఇన్సెంటివ్ ఎంత అని అడగమనండి. ఫాస్టింగ్ శాంపిల్స్ కాబట్టి బుకింగులు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి. మియాపూర్ లాంటి అపార్ట్‌మెంట్ల రూట్ పడితే లిఫ్టు ఎక్కి దిగుతూనే నాలుగిళ్లు అయిపోతాయి. శివార్ల రూట్ పడినవాడు ఆ టైముకి రెండో ఇల్లు వెతుక్కుంటుంటాడు. బండి మనది, పెట్రోలు కిలోమీటరు లెక్కన. మా దగ్గర యాప్ చూపించిన దూరానికే ఇచ్చేవారు, యూటర్న్ కోసం తిరిగింది మన ఖాతాలోదే. తలుపు తీసి "టిఫిన్ తినేశాను బాబూ, రేపు రా" అంటే ఆ విజిట్ పోయినట్టే. ఒకే ఇంట్లో నలుగురికి తీస్తే కొన్నిచోట్ల ఒకే విజిట్, కొన్నిచోట్ల మనిషికింత. శాంపిల్ హీమోలైజ్ అయితే, అంటే రక్తకణాలు పగిలి టెస్టుకి పనికిరాకపోతే, రెండోసారి వెళ్లినందుకు పైసా రాదు. ఇలా, ఒకే ల్యాబ్‌లో ఒకేసారి చేరిన ఇద్దరి మధ్య నెలాఖరుకి ఆరేడు వేల తేడా వచ్చేది.

చెప్పిన అంకె సీటీసీనా (కంపెనీకయ్యే మొత్తం ఖర్చు), చేతికొచ్చేదా అన్నదీ తేల్చుకోవాలి. పీఎఫ్‌లో యజమాని వాటా కూడా కలిపి పెద్ద అంకె చెప్తారు. జీతం 21 వేలు దాటకపోతే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది, మన వాటా 0.75 శాతమే. రోజూ సూదులతో పని కదా, అది వదులుకోవద్దు. ల్యాబ్ కాకుండా మధ్యలో ఏజెన్సీ రోల్స్‌లో వేస్తే మాత్రం ఇవి కడుతున్నారో లేదో చూసుకోవాలి. హెపటైటిస్-బి టీకా ఎవరు వేయిస్తారో కూడా అడగమనండి.

ప్రభుత్వంలో అయితే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టే. తెలంగాణలో 2024లో 1,284 గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, స్కేలు 32,810 నుంచి మొదలు. రాతపరీక్షకు 80 మార్కులు, మిగతా 20 ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకి. మీ తమ్ముడి కన్ను దానిమీద ఉంటే, జీతం కాస్త తక్కువైనా ప్రభుత్వ ల్యాబ్‌లో కాంట్రాక్టు దొరికితే వదలొద్దనే నేనంటాను. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే చేయించండి, తర్వాతి నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే కష్టం.