ఆసుపత్రిలో చేరకుండా మందు మాన్పించవచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 42 ఏళ్లు, తాపీ పని. ఏడాదిగా పొద్దున్నే ఓ గుక్క పడితేగానీ చేతుల వణుకు ఆగదు. ఆసుపత్రిలో చేరితే కూలి పోతుందంటారు. ఇంట్లోనే ఉండి వైద్యం చేయించుకోవచ్చా? తెలియకుండా కూరలో కలిపే పొడి ఉందట, మంచిదేనా?
- ఓ పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు పొడి సంగతి. కలపకండమ్మా. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, ఆయన తాగగానే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు వస్తాయి. బీపీ పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్లూ ఆ మాత్ర ఇస్తారు. కానీ రోగికి చెప్పి, ఒప్పించి, తాగుడు ఆపిన 12 గంటల తర్వాతే మొదలుపెడతారు. మాత్ర మానేశాక కూడా రెండు వారాల దాకా తాగితే ప్రమాదమే.

ఓపీ వైద్యం కుదురుతుంది, అందరికీ కాదు. గతంలో మందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, ఇప్పుడు కామెర్లున్నా, పగలూరాత్రీ కనిపెట్టుకునే మనిషి లేకపోయినా చేర్చాల్సిందే. ఒట్టు వేయించో, మాల వేయించో ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, చెమటలు 6 గంటలకే మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. అసలు గండం మూడు, నాలుగు రోజులప్పుడు: మతి తప్పి కలవరిస్తే వెంటనే అంబులెన్స్‌కు 108 చేయండి.

అందుకే వణుకు, ఫిట్స్ రాకుండా డాక్టరు క్లోర్‌డయాజెపాక్సైడ్ లేదా డయాజెపామ్ మాత్రలు ఇచ్చి, వారం రోజుల్లో వాటి మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. లివర్ దెబ్బతింటే లోరాజెపామ్. మాత్రలు మీ దగ్గరే ఉంచి, పూటకు పూట చేతికివ్వండి. ఆ రోజు తాగి వస్తే ఇవ్వకండి, మందూ మాత్రా కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. డాక్టరుకు ఫోన్ చేయండి. తోడుగా బి1 విటమిన్, అంటే థయమిన్, తప్పనిసరి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు సీసా పెట్టించేస్తుంటారు. థయమిన్ పడకుండా అది ఎక్కితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆ వారం మీ ఆయన పరంజా ఎక్కకూడదు. కూలి పోయేది ఆ కొద్ది రోజులే.

వణుకు తగ్గిందని చాలామంది అక్కడితో ఆపేస్తారు, మళ్లీ మొదలయ్యేది అందుకే. తాగాలన్న యావ తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ 50 మి.గ్రా. రోజుకొకటి, లేదా అకాంప్రోసేట్ 333 మి.గ్రా. రెండేసి చొప్పున మూడు పూటలు. మొదటిదానికి లివర్ పరీక్ష, రెండోదానికి కిడ్నీ పరీక్ష ముందే చేయించాలి. పనికెళ్లే మనిషికి ఒక్క పూట మాత్రే నయమని మా అభిప్రాయం. ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్లలు వాడుతుంటే మాత్రం నాల్‌ట్రెక్సోన్ పనికిరాదు, డాక్టరుకు దాచకండి. కనీసం ఆరు నెలలు, కౌన్సెలింగ్‌తో కలిపి వాడాలి. మధ్యలో ఓ రోజు తాగినా వైద్యం వదిలేయకండి.

బరంపురం ఎంకేసీజీ, శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో అడగండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: గంజాయి మాన్పించే మాత్రలున్నాయా?
- రాయగడ పాఠకుడు

జవాబు: దానికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు. కౌన్సెలింగే వైద్యం. మొదటి రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు ఎక్కువ. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి.