భయం ఎవరిదైతే చెల్లుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ మనిషిని కాల్చి చంపేసి 'నా ప్రాణం కాపాడుకోడానికే కాల్చాను' అంటే వదిలేస్తారని, అదీ తెల్లవాళ్ళయితేనే అని మొన్న ఫోన్లో అన్నాడు. కోర్టుల్లో కూడా రంగు చూస్తారా, లేక వీడు టీవీలో చూసిందేదో చెబుతున్నాడా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: మీవాడు చెప్పింది సగం నిజమేనమ్మా. చట్టంలో రంగు మాట ఎక్కడా ఉండదు. ప్రాణం పోతుందని భయపడి కాల్చాను అని ఎవరైనా అంటే ఆ భయం సబబైనదేనా, మామూలు మనిషి ఎవరైనా ఆ చోట ఉంటే అలాగే భయపడేవాడా అని చూస్తారు, అంతే. చిక్కంతా ఆ 'మామూలు మనిషి' దగ్గరే. వాడు ఎలా ఉంటాడో ముందు పోలీసు ఊహించుకుంటాడు, తర్వాత ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు), ఆ ఇద్దరినీ దాటితేనే జ్యూరీ (దోషో కాదో తేల్చడానికి మామూలు జనంలోంచి ఎంపిక చేసినవాళ్ళు). రాత్రిపూట తలమీదికి టోపీ లాక్కుని నడిచే నల్లజాతి కుర్రాడిని చూసి భయపడటం సహజమే అని వీళ్ళలో ఒక్కరికి అనిపించినా కేసు దారి మారిపోతుంది.

2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో జరిగింది అదే. నల్లజాతి కుర్రాడు ట్రేవాన్ మార్టిన్‌కి 17 ఏళ్ళు, చేతిలో ఆయుధం లేదు, దుకాణంలో కొన్న చాక్లెట్లు, జ్యూస్ డబ్బా ఉన్నాయి. కాలనీలో కాపలా తిరిగే జార్జ్ జిమ్మర్‌మన్ (తండ్రి తెల్లజాతీయుడు, తల్లి పెరూ మనిషి) అనుమానంతో వెంటపడ్డాడు, పెనుగులాట జరిగింది, కాల్చేశాడు. వెనక్కి తగ్గి తప్పించుకునే వీలున్నా తగ్గక్కర్లేదని చెప్పే 'స్టాండ్ యువర్ గ్రౌండ్' చట్టం అక్కడ 2005 నుంచీ ఉంది. అది చూపించి పోలీసులు నెలన్నర పాటు అరెస్టే చేయలేదు. దేశమంతా గోల చేశాక కేసు పెట్టారు, 2013 జూలైలో ఆరుగురు ఆడవాళ్ళున్న జ్యూరీ నిర్దోషి అంది.

ఇక మీ అబ్బాయి ఉండే జార్జియా రాష్ట్రం సంగతి. 2020 ఫిబ్రవరిలో బ్రన్స్‌విక్ దగ్గర 25 ఏళ్ళ నల్లజాతీయుడు అహ్మద్ ఆర్బెరీ పరుగుకి వెళ్తుంటే దొంగేమోనని ముగ్గురు తెల్లవాళ్ళు ట్రక్కుల్లో తరిమారు, వాళ్ళలో ఒకడు కాల్చి చంపాడు. వాళ్ళని అరెస్టు చేయాల్సిన పనిలేదని, అది ఆత్మరక్షణేనని ఒక ప్రాసిక్యూటర్ కాగితం కూడా రాసిచ్చాడు. రెండు నెలలు దాటాక ఆ వీడియో బయటికొచ్చింది, అప్పుడు గానీ అరెస్టులు జరగలేదు. ఆ వీడియో తీసింది ఆ ముగ్గురిలో ఒకడే, అదో విడ్డూరం. చివరికి 2021 నవంబరులో పదకొండు మంది తెల్లవాళ్ళు, ఒక్క నల్లజాతీయుడు ఉన్న జ్యూరీ ముగ్గురినీ దోషులంది, ముగ్గురికీ యావజ్జీవం పడింది. మీవాడి మాట సగమే నిజం అన్నది ఇందుకే. తెల్లవాళ్ళు చెప్పుకున్న ప్రతి భయాన్నీ జ్యూరీలు నమ్మేయవు, కానీ చాలా కేసులు అసలు జ్యూరీ దాకా రావు. వీడియో లేకపోతే ఇదీ వచ్చేది కాదేమో!

లెక్కలు కూడా ఉన్నాయి. 2005 నుంచి 2010 వరకు ఎఫ్‌బీఐ దగ్గరున్న హత్యల వివరాలు తీసుకుని అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ 2013లో చూస్తే, తెల్లవాడి చేతిలో నల్లవాడు చనిపోయిన కేసుల్లో సుమారు 11 శాతం 'సమర్థనీయం' అని తేలాయి. నల్లవాడి చేతిలో తెల్లవాడు చనిపోతే ఒక శాతం పైచిలుకు మాత్రమే. ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారు, అది ఎవరి ఇల్లు అన్నవి ఆ లెక్కల్లో ఉండవు కాబట్టి తేడా అంతా రంగు వల్లే అనలేం, అయినా అది చిన్న తేడా కాదు.

నన్నడిగితే వీటన్నిటికంటే మరిస్సా అలెగ్జాండర్ కేసు ఎక్కువ చెబుతుంది. 2010లో, అదీ ఫ్లోరిడాలోనే, జాక్సన్‌విల్‌లో. నల్లజాతి మహిళ, పురుడు పోసుకుని పది రోజులైనా కాలేదు, అంతకుముందే తన మీద చెయ్యి చేసుకున్న భర్త మళ్ళీ మీదికొస్తే బెదిరించడానికి ఒక్క తూటా పేల్చింది, ఎవరికీ గీత కూడా పడలేదు. గరాజ్‌లోకి వెళ్ళి తుపాకీ తెచ్చుకుంది కాబట్టి నిజంగా భయపడ్డట్టు కాదని జడ్జి ఆ 'స్టాండ్ యువర్ గ్రౌండ్' చట్టం వర్తించదన్నారు. మూడేళ్ళ జైలుకి ఒప్పుకుంటే కేసు ముగిస్తామంటే, తప్పు చేయనిదే ఎందుకు ఒప్పుకోవాలంది. జ్యూరీ పన్నెండు నిమిషాల్లో దోషి అంది, 20 ఏళ్ళు పడ్డాయి. ప్రాణభయం ఉందని నువ్వే రుజువు చేసుకోవాలన్నట్టు జ్యూరీకి చెప్పడం తప్పని పైకోర్టు 2013లో ఆ తీర్పుని కొట్టేసింది, అయినా మళ్ళీ కేసు నడిపేసరికి ఆమె 2014లో అదే మూడేళ్ళకి ఒప్పుకుంది. భర్త కూడా నల్లజాతీయుడే, కాబట్టి ఇది తెలుపు నలుపు తగాదా కాదు. ఆ ఆడమనిషి భయం ఎవరికీ భయంలా కనిపించలేదు, అదీ సంగతి. ఆమెని జైలుకి పంపిన ప్రాసిక్యూటర్ ఏంజెలా కోరీనే జిమ్మర్‌మన్ కేసునీ నడిపింది.

ప్రశ్న: రిటెన్‌హౌస్ చంపింది తెల్లవాళ్ళనే. మరి దానికీ జాతికీ ముడిపెడతారేం?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: 2020 ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో పోలీసులు ఒక నల్లజాతీయుడిని కాల్చారని అల్లర్లు జరుగుతుంటే 17 ఏళ్ళ తెల్లజాతి కుర్రాడు కైల్ రిటెన్‌హౌస్ రైఫిల్‌తో వెళ్ళాడు. అతను కాల్చడంతో ఇద్దరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు, 2021 నవంబరు 19న నిర్దోషి అన్నారు. వాళ్ళు మీదికొచ్చిన వీడియోలు ఉన్నాయి కాబట్టి చట్టం ప్రకారం ఆ తీర్పు మరీ వింతేం కాదు. జనం అడిగింది వేరే: అంత రైఫిల్ భుజానేసుకున్న నల్లజాతి కుర్రాడు అలాగే పోలీసుల ముందు నుంచి నడిచి ఇంటికెళ్ళగలిగేవాడా అని. ఇంకోటి, సరిగ్గా అదే రోజు ఫ్లోరిడాలో ఆండ్రూ కాఫీ అనే నల్లజాతీయుడిని, తెల్లవారుజామున ఇంటిమీదికొచ్చిన పోలీసుల వైపు కాల్చిన కేసులో, హత్యానేరం నుంచి జ్యూరీ వదిలేసింది. దాని గురించి విన్నవాళ్ళు తక్కువ.

ప్రశ్న: ఇవన్నీ చదివి టెన్షన్‌గా ఉంది. మావాడు హెచ్1బీ మీద ఉన్నాడు, ఇంట్లో ఒక తుపాకీ ఉంచుకోమనమంటారా?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: వద్దు. వర్క్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టంలో నేరం. వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని దుకాణానికి వెళ్ళడం కంటే ముందు లాయర్ని అడగమనండి. గ్రీన్ కార్డు వచ్చాక ఆ నిషేధం వర్తించదు, అప్పుడు కూడా రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి.