మైత్రికి, లోజాన్ వెళ్లే ముందు

మైత్రీ,

నిన్ను లోజాన్ బాలే పోటీకి ఎంపిక చేశారని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడియో చూసి తీసుకున్నారట అక్కా" అని ఒక్క మాట చెప్పి, వెంటనే వేరే సంగతుల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. 1986లో డార్సీ బసెల్, 1990లో కార్లోస్ అకోస్టా లాంటి పేరున్న బాలే కళాకారులు గెలిచిన పోటీ అది. ఎక్కడెక్కడి నుంచో 15 నుంచి 18 ఏళ్ల పిల్లలు వీడియోలు పంపితే కొద్దిమందినే స్విట్జర్లాండ్‌కు పిలుస్తారు. ఆ కొద్దిమందిలో మా పిల్ల ఉందని తలుచుకుంటే కళ్లు చెమర్చాయి. వెంటనే భయమూ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. కాలివేళ్ల కొనల మీద నిలబెట్టే ఆ పాయింట్ షూస్ పెద్ద సూట్‌కేసులో వేయకు, విమానంలో నీతోనే ఉంచుకో. రిబ్బన్లు కుట్టి, మెత్తబరిచిన జతలు అదనంగా పెట్టుకో. పోటీ జరిగేది గట్టి చలికాలంలో, కాబట్టి వార్మప్‌కు రోజూకంటే ఎక్కువ సేపు కేటాయించు. కంటెంపరరీ వేరియేషన్‌ను, అదే ఆ ఆధునిక శైలి సోలో నృత్యాన్ని, చివరి వారానికి నెట్టేయకు, దానికీ మార్కులున్నాయి.

అక్కడి స్టేజీ ప్రేక్షకుల వైపు కొంచెం వాలుగా ఉంటుంది. చూస్తే పెద్దగా తెలియదు, ఒంటికాలి మీద పిరూయెట్ తిరిగితే తెలుస్తుంది. ఒళ్లు నీకు తెలియకుండానే ముందుకు లాగుతుంది, తిరుగుతూ తిరుగుతూ స్టేజీ అంచు వైపు జారిపోతావు. వెనక్కి వెళ్లే అడుగులు మెట్ట ఎక్కినట్టు బరువవుతాయి. స్టేజీ మీద రిహార్సల్‌కు సమయం ఇచ్చినప్పుడు గొప్పగా చేసి చూపించాలని ఆరాటపడకు. ముందు ఊరికే నిలబడు, బరువు కాస్త వెనక్కి తెచ్చుకో, ఒక్కొక్క పిరూయెట్ నెమ్మదిగా తిరిగి చూసుకో.

ఇంకో మాట. జ్యూరీ నీ వేరియేషన్ ఒక్కటే చూసి తేల్చదు. ఆ వారం క్లాసుల్లో, కోచింగ్‌లో ఎలా పనిచేస్తున్నావో కూడా చూస్తుంది. నువ్వేమో కొత్త చోటికి వెళ్తే గోడ పక్కకు జరిగిపోతావు. తప్పు చెబితే మొహం ముడుచుకుంటావు. చిన్నప్పుడు ఆ ముడుచుకున్న మొహం చూసి ముద్దు చేశాను గానీ అక్కడ ఎవరూ చేయరు. కోచ్ చెయ్యి ఇంకాస్త కింద పెట్టమంటే పెట్టు. "మా టీచర్ ఇలా నేర్పలేదు" అనే మాట నోట్లోంచి రానివ్వకు. చెప్పింది అప్పటికప్పుడు ప్రయత్నించే పిల్లనే వాళ్లు వెతుకుతారు.

ఇక అసలు సంగతి. ఇది అమ్మను అడిగే రాస్తున్నాను. "నువ్వే రాయక్కా, నాకు నోరు రావడం లేదు" అంది.

నీ వయసులో అమ్మ కూడా ఒక పోటీకి వెళ్లింది. 'జిసెల్' బాలే మొదటి అంకంలోని వేరియేషన్ చేసింది. నీకు తెలుసుగా, అందులో ఎడమ పాదం పాయింట్ మీదే గెంతుకుంటూ స్టేజీకి ఏటవాలుగా రావాలి. కుడికాలు గాల్లో చిన్న చిన్న సున్నాలు చుడుతుంటుంది. మొహంలో మాత్రం ప్రేమలో పడిన పల్లెటూరి పిల్ల నవ్వు ఉండాలి. ఒంటి బరువంతా ఆ ఒక్క పాదం మీదే పడుతుంది. అమ్మ దాన్ని పొద్దునా సాయంత్రమూ చేసేది.

పోటీ ఇంకా కొన్ని వారాలు ఉందనగా పాదం పైన, రెండో వేలికి వెనక, ఒక్క చోట నొప్పి మొదలైంది. మొదట్లో క్లాసు అయ్యాక వచ్చేది. తర్వాత క్లాసు మధ్యలోనే వచ్చింది. ఆ తర్వాత పడుకున్నా పోటు ఆగలేదు. చెబితే పోటీకి పంపరని భయపడి ఎవరికీ చెప్పలేదు. టేపు చుట్టుకుంది, మాత్రలు మింగింది. బరువు తగ్గితే గెంతులు తేలికవుతాయని అదే రోజుల్లో రాత్రి తిండీ మానేసింది. నెలసరి ఆగిపోయింది. అదీ దాచింది. ఒంటికి తిండి చాలక నెలసరి ఆగితే లోపల ఎముకలు కూడా బలం కోల్పోతాయి. అప్పట్లో మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

పోటీ రోజు నేను ప్రేక్షకుల్లో ఉన్నాను. గెంతులు మొదలయ్యాయి, హాలంతా చప్పట్లు. సగం దూరం వచ్చేసరికి ఉన్నట్టుండి ఎడమ మడమ కిందికి దిగిపోయింది. అమ్మ నవ్వు చెదరలేదు. కుడికాలి మీదకు మారి, సంగీతం తప్పకుండా చివరి భంగిమ దాకా వచ్చింది, వంగి నమస్కరించింది. వింగ్‌లోకి వెళ్లాక నిలబడలేకపోయింది. పాదం వాచిపోయి, షూ తీయడానికి రిబ్బన్లు కత్తిరించాల్సి వచ్చింది. ఎముక ముందే చిట్లి ఉందని, దాని మీదే గెంతడంతో విరిగిపోయిందని డాక్టర్ చెప్పారు. అది సరిగా అతకలేదు. పాయింట్ ఎక్కిన ప్రతిసారీ నొప్పి తిరగబెట్టేది. చివరికి షూస్ పక్కన పెట్టేసింది. మొదటి వారంలోనే నోరు విప్పి ఉంటే కొన్ని వారాల విశ్రాంతితో పోయేది, మరుసటి ఏడు ఇంకో పోటీకి వెళ్లేది.

ఎందుకు దాచావే అని ఆస్పత్రిలోనే అరిచాను. "అందరూ నా మీద ఆశ పెట్టుకున్నారు కదక్కా" అంది. నీ మీదా మేమంతా ఆశ పెట్టుకున్నాం మైత్రీ, అందుకే గట్టిగా చెబుతున్నాను. మా ఆశ కోసం నువ్వు ఒక్క రోజు కూడా నొప్పి దాచకూడదు.

కండరాల నొప్పి వేరు, ఎముక నొప్పి వేరు. ఒళ్లు వేడెక్కితే తగ్గే నొప్పి, కాలంతా పరుచుకున్న నొప్పి రోజూ ఉండేదే. ఒక్క వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని చూపించగలిగే నొప్పి, దూకితే పెరిగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి వస్తే ఆ పూటే దూకడం ఆపెయ్. టీచర్‌కు చెప్పు, డాక్టర్‌కు చూపించు. ఇలాంటి చిట్లు మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోకుండా ఎంఆర్ఐ గురించి అడగండి. లోజాన్ వాళ్లు ఆరోగ్య వివరాలు అడుగుతారు, ఆ కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు రాయి. మూడు పూటలా తిను. నెలసరి తప్పితే అమ్మకు చెప్పు, సిగ్గుపడకు.

ఫైనల్‌కు రాకపోతే గది తలుపు వేసుకుని ఏడుస్తూ కూర్చోకు. ఏడవాలనిపిస్తే ఒక గంట ఏడువు, ఫరవాలేదు. తర్వాత మొహం కడుక్కుని బయటికి రా. ఫైనల్‌కు రాని పిల్లల్ని స్కూళ్ల డైరెక్టర్లు చూసి, మాట్లాడి, సీట్లు ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. గెలిచినవాళ్లకు దొరికేదీ ఏదో ఒక స్కూల్లోనో కంపెనీలోనో స్కాలర్‌షిప్పే.

చివరగా ఒకటి అడగాలి. అమ్మ పంపిన నీ వీడియో మళ్లీ మళ్లీ చూశాను. పెద్ద జంప్ దిగాక, సంగీతం ఆగిన వెంటనే, ఎడమకాలు రెండుసార్లు విదిలించావు. ఎందుకు? ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి. ఏదైనా ఉంటే ఈ ఉత్తరం మడిచే లోపే ఆ కాలు అమ్మకు చూపించి, ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ