ఆంధ్రా కార్డుతో బెంగళూరులో ఏవేవి అందుతాయి? ముందు డబ్బు ఎవరిదో చూడండి

మీరు అడిగింది ఇది: ఊరు కదిరి దగ్గర, పని బెంగళూరులో బేల్దారి. బియ్యం కార్డు ఊళ్ళో ఉంది, అమ్మకు పింఛను అక్కడే వస్తోంది. ఇక్కడికి వచ్చాక వీటిలో ఏవి దక్కుతాయి, అసలీ డబ్బు ఎవరిస్తున్నారు అని.

నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూస్తాను. మా సైట్లలో చాలామంది సీమ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ కాగితాలు చూసీ చూసీ నాకు అర్థమైందేమిటంటే, ప్రతి పథకం వెనకా ఒక ఖాతా ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదో తెలిస్తే, ఆ పథకం మీతోపాటు రాష్ట్రం దాటుతుందో లేదో దాదాపు చెప్పేయొచ్చు.

ముందు బియ్యం సంగతి. 2013 ఆహార భద్రత చట్టం కింద మామూలు కార్డులో మనిషికి నెలకు 5 కేజీలు. ఈ బియ్యం కేంద్రానిది. రైతుల దగ్గర మద్దతు ధరకు సేకరించి, మిల్లాడించి, నిల్వ చేసి రాష్ట్రాలకు చేర్చేసరికి కేజీకి దాదాపు 40 రూపాయలు పడుతుంది. కేంద్రం ధర కేజీకి 3 రూపాయలు ఉండేది, 2023 జనవరి నుంచి అదీ తీసేశారు. ఈ ఖర్చంతా కేంద్ర బడ్జెట్‌లో ఆహార సబ్సిడీ కింద కనిపిస్తుంది, ఏడాదికి 2 లక్షల కోట్ల పైమాటే. మీరు కొన్న ప్రతి సబ్బు మీద, చెప్పుల జత మీద కట్టిన జీఎస్టీలో కొంత కూడా ఆ ఖజానాకే చేరుతోంది. కాబట్టి రేషన్ షాపు ముందు ఎవరి దయకోసమో నిలబడినట్టు నిలబడక్కర్లేదు.

డబ్బు కేంద్రానిది కాబట్టే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' కుదిరింది. 2019 ఆగస్టులో మొదట కలిపిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. 2022 జూన్‌లో అస్సాం చేరాక దేశమంతా వర్తిస్తోంది. ఆధార్ ఎక్కించిన కార్డు నంబరు చెప్పి, మిషన్ మీద వేలిముద్ర వేస్తే చాలు, బెంగళూరులోనూ ఇవ్వాలి. ఇంట్లో నలుగురుంటే మీ వాటా ఇక్కడ తీసుకుని, మిగతాది అమ్మావాళ్ళు ఊళ్ళో తీసుకోవచ్చు.

మా సైటు మనిషిని ఒక డీలరు "ఆంధ్రా కార్డా, మీ ఊరికే పోయి తెచ్చుకో" అని పంపేశాడు. నేను వెంట వెళ్ళి, అక్కడే నిలబడి ఈ పథకం హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ కలిపితే కాసేపటికి మిషన్ బయటికి తీశాడు. బయటివాళ్ళకు ఇస్తే తన రోజువారీ కార్డులకు స్టాకు చాలదేమోనని డీలర్ల భయం. ఆ భయం తీర్చాల్సింది అధికారులు, దానికోసం మీరు పస్తులుండక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆంధ్రలో కొన్ని కార్డులు కేంద్రం లెక్కలోనివి, కొన్ని రాష్ట్రం సొంత డబ్బుతో ఇచ్చేవి. రెండో రకం బెంగళూరులో చెల్లదు. మీది ఏ రకమో ఊళ్ళో సచివాలయంలో అడగండి. అలాగే కర్ణాటక అన్నభాగ్య కింద ఇచ్చే అదనం మీకు రాదు. 2023లో బియ్యం దొరక్క కేజీకి 34 రూపాయల చొప్పున ఖాతాల్లో వేశారు కదా, అది ఈ రాష్ట్ర ఖజానా సొమ్ము, ఇక్కడి కార్డున్నవాళ్ళకే.

పింఛను లెక్క తిరగబడుతుంది. ఆంధ్రలో వృద్ధులకు ఇచ్చే 4,000లో కేంద్రం వాటా 80 ఏళ్ళలోపు వాళ్ళకు 200 రూపాయలే, అదీ దాని బీపీఎల్ (దారిద్ర్యరేఖ దిగువ) కోటాలో ఉంటేనే. మిగతాదంతా రాష్ట్రం పెడుతోంది. అందుకే అది ఊరు దాటదు. కర్ణాటకలో సంధ్యా సురక్ష కింద వచ్చేది 1,200. అమ్మను ఇక్కడికి తెచ్చుకునే ముందు ఈ తేడా చూసుకోండి. కేంద్రం ఏళ్ళ తరబడి ఆ 200 దగ్గరే ఆగిపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. పేద రాష్ట్రంలో పుట్టిన ముసలివాళ్ళు ఏం పాపం చేశారు?

మీరు అడగనిది, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది లేబర్ కార్డు, అంటే కట్టడం కూలీగా కార్మిక సంక్షేమ బోర్డులో నమోదైనట్టు ఇచ్చే కార్డు. 1996 చట్టాలతో వచ్చిన ఏర్పాటు ఇది. బిల్డింగ్ కట్టించేవాళ్ళు ఖర్చులో 1 శాతం సెస్‌గా (ప్రత్యేక పన్నుగా) ఆ బోర్డుకు చెల్లించాలి. 50 కోట్ల అపార్ట్‌మెంటుకు 50 లక్షలు. ఈ చెల్లింపుల లెక్క రాసేది నేనే. అది మీ చెమట మీద వసూలైన డబ్బు, బిల్డింగ్ ఎక్కడ లేస్తే అక్కడి బోర్డుకు వెళ్తుంది. అంటే మీ సొమ్ము కర్ణాటకలో ఉంది, ఆంధ్రలో కాదు. పిల్లల చదువుకు, పెళ్ళికి, ప్రమాదానికి, 60 దాటాక పింఛనుకు అందులోంచే ఇస్తారు. ఇది రాష్ట్రాల దగ్గర ఖర్చు కాకుండా పేరుకుపోతోందని 2018లో సుప్రీంకోర్టే మందలించింది. 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడ నమోదైన కూలీలకు 5,000 రూపాయలు వేశారు. మా షెడ్లలోని తెలుగువాళ్ళలో చాలామందికి కార్డు లేదు. ఆ డబ్బు రాలేదు, ఊరికి వెళ్ళడానికి బస్సులూ లేవు. అప్పటినుంచే నేను ఈ కాగితాల వెంట పడుతున్నాను.

ఈఎస్ఐ (వైద్య బీమా), పీఎఫ్ (భవిష్య నిధి) గురించి ఒక్క మాట. ఇవి మీ జీతం నుంచీ యజమాని నుంచీ కట్టే చందాతో నడిచేవి, నంబరు మీతోనే దేశమంతా వస్తుంది. జీతం చీటీలో కోత కనిపిస్తే నంబరు అడిగి రాసిపెట్టుకోండి.

లేబర్ కార్డుకు 18 నుంచి 60 లోపు వయసుండాలి, గత ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినట్టు ధ్రువపత్రం కావాలి. మేస్త్రీ సంతకం పెట్టకపోతే రిజిస్టరైన యూనియన్ గానీ లేబర్ ఇన్‌స్పెక్టర్ గానీ ఇవ్వొచ్చు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, ఫోటో దగ్గర పెట్టుకుని ఈ నెలలోనే దరఖాస్తు చేయండి, గడువు తీరేలోపు రెన్యువల్ కూడా చేయించండి.