ముక్కుతో మొదలుపెట్టు

నెల్లూరు

హారికా,

నీ ఉత్తరం చదివాను. సినిమాల్లో ప్రోస్థెటిక్ మేకప్, అంటే మొహానికి దొంగ ముక్కులూ గాయాలూ చేసి అతికించే పనిలోకి పోవాలని ఉంది, మూడు నెలల కోర్సుకు ఫీజు కట్టమంటున్నారు, కట్టాలా వద్దా పెదనాన్నా అని అడిగావు. ఇప్పుడప్పుడే కట్టొద్దు. ముందు ఇంట్లో ఒక ముక్కు చెయ్యి. అదే ముక్కు ఇరవై సార్లు చెయ్యి. ఇరవయ్యోదానికి కూడా విసుగు పుట్టకపోతే ఫీజు సంగతి మీ నాన్నతో నేనే మాట్లాడతా.

ముక్కే ఎందుకంటావా? దెయ్యం మొహాలు, తెగిన తలలు చూసి ఈ పని మీద మోజుపడేవాళ్లు శానామంది. నిజానికి అవి తేలిక. రాక్షసుణ్ణి ఎవరూ చూడలేదు గనక తప్పు పట్టేవాడు లేడు. మనిషి ముక్కును పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. వెంట్రుకవాసి తేడా ఉన్నా అతికించిందని కన్ను పట్టేస్తుంది. పట్టించేది అంచు. ముక్క నడిమధ్య ఎంత మందం ఉన్నా ఫరవాలేదు, చర్మంలో కలిసేచోట ఉల్లిపొర కన్నా పల్చగా ఉండాలి. మట్టి పిసికే దగ్గర్నుంచి రాత్రి మొహం మీద నుంచి ఊడదీసేదాకా చేసే ప్రతి పనీ ఆ ఉల్లిపొర కోసమే.

ముందు మొహం అచ్చు తియ్యాలి. లైఫ్ కాస్ట్ అంటారు. మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు మాత్రం వద్దు, ఇంకో మనిషి ఉండి తీరాలి. ఆ మనిషికి ఒకటే పని: ముక్కురంధ్రాలు మూసుకుపోకుండా కాపలా కాయడం. రంధ్రాల్లో స్ట్రాలు పెట్టే వీడియోలు చూసి ఉంటావు. ఆ పని చెయ్యొద్దు, ముక్కు ఆకారం చెడుతుంది, స్ట్రా కదిలితే లోపల గీసుకుంటుంది. జలుబు చేసినవాడికీ, ఇరుకు చోటంటే భయపడేవాడికీ అచ్చు తియ్యొద్దు. మాట్లాడటానికి ఉండదు గనక సైగలు ముందే అనుకోండి: బొటనవేలు ఎత్తితే బాగున్నట్టు, చెయ్యి ఊపితే అన్నీ ఆపి తీసెయ్యాల్సిందే.

పంటి డాక్టర్లకు సామాను అమ్మే షాపుల్లో అచ్చు తీసే ఆల్జినేట్ పొడి, ఆ అచ్చులో పోసే డెంటల్ స్టోన్ పొడి రెండూ దొరుకుతాయి. ఆ ఆల్జినేట్ నోట్లో పెట్టేందుకు చేసింది, రెండు మూడు నిమిషాల్లో గడ్డకడుతుంది. మొహమంతా పూసే లోపలే బిగుసుకుంటుంది. మొహానికనే అమ్మే రకం తెప్పించుకుంటే ఇంకొంచెం వ్యవధి ఇస్తుంది. ఏ రకమైనా నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఆలస్యంగా గట్టిపడుతుంది. రోహిణి కార్తెలో మిద్దెమీద ట్యాంకు నీళ్లతో కలిపావంటే గిన్నెలోనే ముద్దయిపోతుంది. ఫ్రిజ్ నీళ్లు వాడు.

కనుబొమలకూ రెప్పలకూ మీసానికీ వాజలీన్ బాగా పట్టించు, జుట్టు మీద బాల్డ్ క్యాప్ వెయ్యి. ఆల్జినేట్‌ను నుదుటి నుంచి కిందికి పూసుకుంటూ రా, ముక్కు ఆఖరున. దాని మీద ఎముక విరిగితే కట్టే ప్లాస్టర్ బ్యాండేజీ మూడు నాలుగు పొరలు, అంచుల్లో రెట్టింపు. బ్యాండేజీ పల్చన కాబట్టి కొద్దిగా వెచ్చబడి ఊరుకుంటుంది. ముద్ద ప్లాస్టర్‌లో మాత్రం చెయ్యి గానీ మొహం గానీ ఎప్పటికీ ముంచొద్దు. గట్టిపడేటప్పుడు అది 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, లాగితే రాదు, లోపల కండ ఉడికిపోతుంది. 2007లో ఇంగ్లండులో ఒక స్కూలు పిల్ల క్లాసులో ఇట్టాగే చేతులు పెట్టి వేళ్లు పోగొట్టుకుంది.

అచ్చు ఊడాక టీకి పోవద్దు. ఆల్జినేట్‌లో నీరు ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది, మొహం ఒక సైజు తగ్గుతుంది. వెంటనే స్టోన్ పొయ్యి. 100 గ్రాముల స్టోన్‌కు 30 మిల్లీలీటర్ల నీళ్లు. మామూలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే 50. కంటి అందాజు పనికిరాదు, గ్రాము తేడా చూపే కాటా కొను. పొడిని నీళ్లలో చల్లాలి గానీ పొడి మీద నీళ్లు పొయ్యకూడదు, గాలిబుడగలు చేరతాయి. మొదటి పూత బ్రష్‌తో పల్చగా ప్రతి మూలకూ తగిలించి, ఆ తర్వాతే మందంగా నింపు.

ఇక మట్టి. కుమ్మరి బంకమన్ను ఆరి పగులుతుంది, నూనె కలిసిన మోడలింగ్ మట్టి కావాలి. అందులో గంధకం ఉండకూడదు, ప్యాకెట్ మీద చూసి కొను. చివరికి ముక్కు పోసేది ప్లాటినం సిలికాన్‌తో, దానికి గంధకం తగిలిందంటే ఎన్ని రోజులు పెట్టినా గట్టిపడదు, బంక బంకగానే ఉంటుంది. లేటెక్స్ గ్లౌజులతో ముట్టుకున్నా అదే గతి. నైట్రైల్ గ్లౌజులే వాడు. "సిలికాన్ పాడైంది, షాపువాడు మోసం చేశాడు" అనేవాళ్లలో సగం మంది గ్లౌజులు చూసుకోరు.

మట్టిని నేరుగా రాతి మొహం మీద పెట్టి ముక్కు దిద్దు. పనిముట్లకు ఖర్చు పెట్టకు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్లకు బొమ్మ గీసిస్తే నీ చేతికి సరిపడేవి చెక్కి ఇస్తారు. చర్మం మీద గుంటల కోసం నిమ్మకాయ తొక్క మీద లేటెక్స్ రెండు మూడు పూతలు పూసి, ఆరాక ఊడదియ్యి. ఆ పొరను మట్టి మీద అద్దితే సన్నటి గుంటలు పడతాయి. మన జిల్లాలో నిమ్మకాయలకు కరువా! కమలా తొక్క గుంటలు పెద్దవి, ముక్కు కొసకు, బుగ్గకు వాడుకో. ముడతలు గీసేటప్పుడు మట్టి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద గీయి. గీత చాకుతో కోసినట్టు కాకుండా మెత్తగా, చర్మం ముడుచుకున్నట్టు వస్తుంది.

ఇప్పుడు అంచు. మట్టి ముక్కు నుంచి బుగ్గ వైపు పోయేకొద్దీ పల్చనై, చివరికి కింద రాయి రంగు కనిపించేటంతగా కలిసిపోవాలి. వేలి కొసకు కొంచెం వాజలీన్ రాసి గుండ్రంగా రుద్దుతూ పో. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడు, మట్టి ఎక్కడ అయిపోయిందో తెలియకూడదు. తెలిసిందంటే కెమెరాకూ తెలుస్తుంది. తర్వాత అంచు చుట్టూ 3 నుంచి 5 మిల్లీమీటర్ల రాతిని ఖాళీగా వదిలి, ఆ బయట వేరే మట్టి అర సెంటీమీటరు మందాన పరుచు. దీని మీద మళ్లీ స్టోన్ పోసి రెండో అచ్చు తీస్తాం, మట్టి తీసేసి ఆ ఖాళీలో సిలికాన్ నింపుతాం. అప్పుడు రెండు రాళ్లూ ఒకదానికొకటి ఆనేది ఆ ఖాళీ గీత దగ్గరే. పైన బిగించిన బరువంతా ఆ సన్నటి గీత మీద పడి సిలికాన్‌ను ఉల్లిపొరలా నొక్కుతుంది. మిగిలిన సిలికాన్ బయటి మట్టి ఉన్న జాగాలోకి పారిపోతుంది. ఈ గీత వెడల్పు పెట్టావా, బరువు పంచుకుపోయి అంచు మందం వస్తుంది. ఇరవై ముక్కుల్లో మొదటి పది ఇక్కడే చెడతాయి, చెడనీ.

అచ్చులో ముందు క్యాప్ ప్లాస్టిక్ రెండు మూడు పూతలు. సిలికాన్‌కు అది తొడుగు లాంటిది, జిగురు పట్టేదీ దానికే. తర్వాత సిలికాన్ ఎ భాగం, బి భాగం సమానంగా తూచి, మెత్తదనం కోసం డెడెనర్ కలుపు. 100, 100, 100 గ్రాముల పాళ్లతో మొదలుపెట్టు. డెడెనర్ పెంచేకొద్దీ ఒంటి కండలా మెత్తబడుతుంది, మరీ పెంచితే జిడ్డు కారుతుంది. డబ్బా మీద రాసే టైము 23 డిగ్రీల గదికి, మన ఎండాకాలంలో అందులో సగమే దక్కుతుంది. కలిపే ముందు రెండు డబ్బాలూ కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు.

రంగు సిలికాన్ లోపలే వెయ్యాలి, ఒంటిరంగు కన్నా ఒక మెట్టు తక్కువగా. దిగుమతి రంగుల మీద "చర్మం రంగు" అని ఉంటే తెల్లవాళ్ల చర్మం అనుకో. మన ఛాయకు పసుపు, ఎరుపు, ముదురు గోధుమ కలిపి చూసుకోవాలి. ముదురు చెయ్యాలని నల్ల రంగు మాత్రం ముట్టుకోకు, ముక్కు బూడిద పూసినట్టు చచ్చిన రంగు వస్తుంది. పెద్ద సినిమాల్లో కూడా ఈ తప్పు కనబడుతూనే ఉంటుంది.

అతికించే ముందు రోజే ఆ జిగురు చుక్క మోచేతి మడతలో రాసి 24 గంటలు చూడు. దద్దురు లేస్తే ఆ జిగురు ఆ మనిషికి వద్దు. ఎంత పెద్ద హీరో తొందరపెట్టినా ఇది మానకు. ప్రోస్-ఎయిడ్ అనే జిగురు తెల్లగా ఉంటుంది, ఆరాక అద్దంలా అవుతుంది. ముక్కకూ ఒంటికీ రెండింటికీ రాసి, తెలుపు పోయాకే నొక్కాలి. ముందు నడిమధ్య, తర్వాత బయటికి. అంచును ఆఖరున ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో తడిపితే క్యాప్ ప్లాస్టిక్ కరిగి చర్మంలో కలిసిపోతుంది. ఇదే జిగురులో అక్రిలిక్ రంగు కలిపి వాడటం డిక్ స్మిత్ (1922-2014) నేర్పిన పద్ధతి, ప్యాక్స్ అంటారు. రబ్బరు ముక్కల మీద బాగా నిలుస్తుంది గానీ కళ్ల దగ్గరికి తీసుకుపోవద్దు. ముసలి మొహాన్ని ఒకే ముసుగుగా కాకుండా చిన్నచిన్న ముక్కలుగా చేసి ఒకదాని మీద ఒకటి అంచు కప్పేటట్టు అతికించే దారి కూడా ఆయన చూపిందే. అందుకే ఒక ముక్కు చేతనైతే మొహమంతా చేతనైనట్టే.

జెలటిన్‌తో కూడా ముక్కలు చెయ్యొచ్చు, చవక. 20 గ్రాముల జెలటిన్‌కు గ్లిజరిన్ 60, సార్బిటాల్ 60. మరగనివ్వకుండా మెల్లగా వెచ్చబెట్టాలి. మన ఎండకూ చెమటకూ కరిగి గడ్డం దాకా జారుతుంది, కాబట్టి ఏసీ గదిలో సీనుకే. ఆరుబయట షూటింగయితే సిలికానే.

గాట్లు, కాలిన మచ్చలు ఇంత తతంగం అడగవు. చీమకుర్తిలో ఉన్నందుకు నీకో వాటం: పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైట్ పనికిరాని ముక్క అడుగు పొడుగుది తెచ్చుకో. అంత చదునైన బల్ల దొరకదు. దాని మీద మచ్చను మట్టితో దిద్ది, చుట్టూ గట్టు కట్టి సిలికాన్ పోస్తే అచ్చు. అందులో చిక్కబరిచిన ప్రోస్-ఎయిడ్ నింపి పాత ఏటీఎం కార్డుతో గీకి చదును చెయ్యి.

రక్తం ఎవరైనా చేస్తారు: లిక్విడ్ గ్లూకోజ్‌లో తినే ఎరుపు, చిటికెడు కోకో పొడి. నోట్లోకి పోయేదైతే అన్నీ తినేవే ఉండాలి. చీమలు పడతాయి, దుస్తులకు మరక పడుతుంది, కాస్ట్యూమ్ వాళ్లతో ముందే మాట్లాడు. కమిలిన గాయానికి మాత్రం రోజుల లెక్క తెలుసుకో: మొదట ఎరుపు, ఒకటి రెండు రోజులకు నీలం, వంగపండు రంగు, తర్వాత ఆకుపచ్చ, ఆఖరున పసుపు. కథలో దెబ్బ తగిలి ఎన్నాళ్లయిందో డైరెక్టర్ని అడక్కుండా రంగు ముట్టుకోకు.

ఊడదియ్యడం గురించి ఎవరూ నేర్పరు. లాగొద్దు. జిగురు వదిలించే ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌ను బ్రష్‌తో అంచు కిందికి పట్టిస్తూ అరగంటయినా సరే మెల్లగా తీయి. రాత్రి పదింటికి ఆర్టిస్టు విసుక్కుంటాడు, తనే పీకేసుకుంటానంటాడు. వద్దని చెప్పు, రేపు మళ్లీ అదే చర్మం మీద అతికించాలి. తీసేటప్పుడు అంచు కరిగి పోతుంది గనక ఒక ముక్క ఒక రోజుకే. ఇరవై రోజుల షూటింగంటే ఇరవై ముక్కులు, పైన మూడు నాలుగు అదనం. డబ్బు మాట్లాడేటప్పుడు చాలామంది మునిగేది ఇక్కడే, ఒక ముక్కుకు రేటు చెప్పి ఇరవై చేస్తారు. రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు, సీను మళ్లీ తీయాల్సివస్తే ఎంత అనేది కాగితం మీద రాయించుకో. సామాను డబ్బు ముందు చేతిలో పడనిదే లైఫ్ కాస్ట్ తియ్యకు.

ఇక ఎక్కడికి పోవాలి? మనకు చెన్నై దగ్గర, ఒంగోలులో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతావు. తెలుగు పనంతా హైదరాబాదులో. నా మాటైతే ఊరు కాదు, ఎవరి దగ్గర పని ఉందో చూసుకుని పో. అసిస్టెంటుగా మొదటి ఏడాది అచ్చులు కడగడం, అంచులు కత్తిరించడం, వెంట్రుకలు గుచ్చడమే ఉంటుంది. గుచ్చడం ఇప్పుడే నేర్చుకో: సూది కన్ను పైభాగం కత్తిరిస్తే చిన్న పంగలా అవుతుంది, దాంతో ఒక్కో వెంట్రుకనూ ఏటవాలుగా సిలికాన్‌లోకి దింపాలి. నిటారుగా దింపితే కనుబొమ బ్రష్‌లా నిలబడుతుంది. యూనియన్ కార్డు సంగతి నేరుగా ఆఫీసులోనే అడుగు, మధ్యవర్తి చేతిలో రూపాయి పెట్టకు. ఆడపిల్లకు మేకప్ కార్డు ఇవ్వరు, హెయిర్ డ్రెస్సర్‌గానే రావాలి అని ఎవరన్నా అంటే, మేకప్ ఆర్టిస్టు చారు ఖురానా వేసిన కేసులో 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పిందని గమ్మున గుర్తుచెయ్యి.

మీ అమ్మ భయం కంప్యూటర్ గ్రాఫిక్స్ గురించి. కొంత పని అటు పోయింది, నిజమే. కానీ చెయ్యి ముట్టుకునే చర్మం, దగ్గరి షాట్‌లో కారే చెమట ఇంకా మనవే. పైగా క్యాన్సర్‌తో ముక్కో చెవో పోయినవాళ్లకు సిలికాన్ అవయవాలు చేసే పని కూడా ఈ చేతివాటంతోనే నడుస్తుంది. దానికి వేరే చదువుంది, తర్వాత రాస్తా.

ఆల్కహాల్, క్యాప్ ప్లాస్టిక్ రెండూ గుప్పున అంటుకుంటాయి. వంటింట్లో పెట్టుకోకు, కిటికీలు తెరిచి మిద్దెమీద గదిలో చేసుకో.

మూడో ముక్కు అయ్యాక రెండు ఫోటోలు పంపు: ఒకటి పక్కనుంచి, ఒకటి మీ తమ్ముడు నవ్వుతుండగా. పొద్దున వెలుగులో, నీడపట్టున తియ్యి, ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. ముక్కు పక్క మడత దగ్గర అంచు లేచిందో లేదో చూసి చెబుతా.

ఆశీస్సులతో,
పెదనాన్న