మంచె మంచిదే, గాలే ఎదురు తిరిగింది

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. లైసెన్సు తీసుకుని, స్నేహితుడి స్థలంలో విల్లుతో జింక వేటకు చెట్టు మీద మంచె కట్టాడు. మొదటి రెండు రోజులు జింకలు కనిపించాయట, తర్వాత ఒక్కటీ రావడం లేదు. చోటు మార్చమనాలా?
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెట్టును అనుమానించే ముందు గాలిని చూడమనండి. జింక కంటికి మనిషి చిక్కకపోవచ్చు గానీ ముక్కుకు చిక్కకుండా ఉండడు. జింకలు వచ్చే వైపు నుంచి గాలి మనిషి మీదికి వీయాలి. మంచె ఎక్కాక చిటికెడు పౌడరు వదిలితే వాటం తెలిసిపోతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఇంకో చిక్కు: ఎండెక్కాక గాలి మిట్టకు పాకుతుంది, సాయంత్రం పల్లానికి దిగుతుంది. ఉదయం పనికొచ్చిన చెట్టే సాయంత్రం చెడగొట్టేది ఇందుకే. అందుకని వేర్వేరు గాలులకు రెండు మూడు మంచెలు ఉండాలి. గాలి తప్పితే ఆ రోజు ఆ చెట్టు ఎక్కకూడదు. రోజూ ఒకేచోట కూర్చుంటే జింకలు దారి మార్చేస్తాయి. మీవాడి విషయంలో జరిగింది బహుశా ఇదే.

రాకపోకలూ అంతే ముఖ్యం. తెల్లవారుజామున మేత మైదానం దాటి వెళ్తే అక్కడున్నవన్నీ బెదిరిపోతాయి. అవి పడుకునే పొదలకూ మేతకూ మధ్య బాటలు కలిసే చోటు, కంచె సందు, వాగు రేవు లాంటివి చూసుకోవాలి. బాటకు సుమారు 20 గజాల ఎడంగా, గాలి బాట మీంచి మన వైపు వీచే పక్కన చెట్టు ఎంచాలి. ఎత్తు 15–20 అడుగులు చాలు. మరీ ఎత్తయితే బాణం నిటారుగా దిగి ఒక్క ఊపిరితిత్తికే తగులుతుంది, గాయపడ్డ జంతువు దూరం పారిపోతుంది. వెనక ఆకాశం కాకుండా కొమ్మలుండాలి. అడ్డొచ్చే రెమ్మలను సీజనుకు చాలా ముందే కొట్టేయాలి.

ఎండు చెట్టు వద్దు. నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా ఒంటికంతా పట్టే హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీల కూర్పు) చెట్టుకు కట్టిన తాడుకు తగిలించే ఉండాలి. పైన కూర్చున్నప్పటికంటే ఎక్కి దిగేటప్పుడే ఎక్కువగా పడతారు. విల్లును ఎక్కాక తాడుతో పైకి లాక్కోవాలి. ఎండకు చీకిన పట్టీలు మార్చాలి.

అన్నట్టు, అక్కడ 'ఆక్సిస్' అనేది మన చుక్కల దుప్పే. 1930లలో టెక్సాస్‌కు చేరింది.

ప్రశ్న: మరి పొలంలో మంచె కట్టి, పైరు మేసే దుప్పిని కొట్టొచ్చా?
– రైతు, గుంటూరు

జవాబు: కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పైరు మీ సొంతమైనా సరే. కావలికి మంచె కట్టుకోండి, డబ్బా మోగించండి, నష్టం జరిగితే ఫొటోలు తీసి అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ పెట్టండి.